ఫ్లాస్కు నిర్మాత సర్ జేమ్స్ డ్యూవర్

పల్నాటి వేసవి యెట్టిదో యీ గ్రంథాలయ పాఠకులకు వేరుగా వర్ణించి చెప్ప నక్కరలేదు. ఎండల పట్టికలో రెంటచింతల పేరు తరచుగా మొదట కానవచ్చుటయే చాలును. అట్టి యెండలో మిరపచేనికి బోవువాడు చెట్టునీడను మట్టికుండలో నీరు పెట్టుకొనును. కుండ గోడల సన్నని రంధ్రముల గుండ వెలికి ఊరిన నీరు ఆవిరియగుచు లోపలి నీటి వేడిమిని తనతో గొనిపోవును. అందుచే కుండలోని నీరు చల్లనగును. పసిబిడ్డకు పాలును, ఆసుపత్రిలోని రోగికి కాఫీయును గొనిపోవువారు చేత బట్టు ఫ్లాస్కు పని దీనికి పూర్తిగా భిన్నము. ఫ్లాస్కు చల్లదనమును పుట్టింపదు, వేడిని పుట్టింపదు. పోసిన వస్తువును పోసిన స్థితియందే కొంతకాలము కాపాడును, అంతియే. కనుకనే యొకే ఫ్లాస్కు ఉదయము కాఫీని వేడిగను, మధ్యాహ్నము మజ్జిగను చల్లగను ఉంచగలుగుచున్నది.

దీనిని కల్పించినవాడు కాఫీని గూర్చి గాని మజ్జిగను గూర్చి గాని తలపోసినవాడు కాడు. గాలిని నీటివలె ద్రవముగా మార్చి, ఆ ద్రవము కన్నుల యెదుట ఆవిరియై పోకుండ నిలుపవలెనని పట్టుబట్టిన రసాయనశాస్త్రజ్ఞుడు. ఆయనయే సర్ జేమ్స్ డ్యూవర్.

స్కాట్లండు దేశమున ఫోర్తు నది యొడ్డున కింకార్డిన్ అను చిన్న రేవుపట్టణము కలదు. అందు థామస్ డ్యూవర్ అను ద్రాక్షసారాయి వర్తకునకు కడగొట్టు కుమారుడుగా జేమ్స్ 1842 సెప్టెంబరు 20వ తేదీన జన్మించెను. పదియవ యేట చలికాలమున గడ్డకట్టిన నీటిపై నడచుచుండగా మంచు పగిలి బాలుడు నీట మునిగెను. ప్రాణము దక్కెను గాని కీళ్లవాతజ్వరము పట్టుకొని, సుమారు రెండేండ్లు బడికి బోవ వీలులేని స్థితి యేర్పడెను. ఆ కాలమున ఊరి వడ్రంగి వానిని చేరదీసి ఫిడేళ్లు చేయుట నేర్పెను. పలుచని కొయ్యపలకను చెక్కి, వంచి, అతికి, చీలకుండ నిలుపుట యెంత యోర్పుతో గూడిన పనియో కొయ్యపని యెరిగినవారికి దెలియును. 1854లో ఆయన స్వహస్తములతో జేసిన ఫిడేలును, వివాహమైన 50 ఏండ్లకు జరిగిన స్వర్ణోత్సవమునాడు వాయించిరి. తాను చేతిపనిలో నేర్పరి యగుటకు ఆ వడ్రంగి కొట్టమే కారణమని డ్యూవరు వృద్ధాప్యము వరకు చెప్పుకొనుచుండెను. బడికి బోలేని రెండేండ్లు వ్యర్థమయ్యెనని యెవ్వరనగలరు?

పదునైదవ యేటికే తల్లిదండ్రులిరువురును గతించిరి. డాలర్ పట్టణపు పాఠశాలలో చదువు ముగించి ఆయన ఎడింబరో విశ్వవిద్యాలయమున జేరెను. అచ్చట లయన్ ప్లేఫేర్ అను ఆచార్యుడు వాని చేతి నేర్పును గుర్తించి సహాయకునిగా జేర్చుకొనెను. 1867లో కొంతకాలము బెల్జియములోని గెంటు నగరమునకేగి, కెకూలే యను ప్రసిద్ధ రసాయనశాస్త్రవేత్త సన్నిధిని పనిచేసెను. 1869లో ఎడింబరోలోని పశువైద్య కళాశాలయందు రసాయనశాస్త్రము బోధించు పని దొరకెను. 1871లో హెలెన్ రోజ్ బ్యాంక్స్ అను నామెను వివాహమాడెను. వారికి సంతానము లేదు.

ఈ ఎడింబరో దినములలోనే, పలేడియము అను లోహము పీల్చుకొనిన హైడ్రోజనును గూర్చి వేడిమి లెక్కలు కట్టుటకై డ్యూవరు ఒక ఇత్తడి పాత్రను చేయించెను. బయటి వేడి లోనికి రాకుండుటకు రెండు గోడల నడుమ గాలిని తోడివేసెను. పని ముగియగానే పాత్ర మూలబడెను. ఆ యూహ మాత్రము సుమారు ఇరువది యేండ్లు ఆయన మనస్సున నిద్రించి యుండెను.

1875లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునను, 1877లో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అను సంస్థయందును ఆయనకు ఆచార్య పదవులు లభించెను. రెండింటిని మరణపర్యంతము వహించెను గాని మనస్సు నిలిచినది లండనులోనే. ఆ సంస్థ మైకేల్ ఫారడే పనిచేసిన స్థలము. ఫారడే 1823లో క్లోరిన్ వాయువును ద్రవముగా మార్చెను. తరువాత మరికొన్ని వాయువులను లొంగదీసెను. ప్రాణవాయువు, నత్రజని, హైడ్రోజను మున్నగు కొన్ని మాత్రము ఎంత యొత్తిడికిని లొంగలేదు. అవి శాశ్వత వాయువులనియు, ఎన్నటికిని ద్రవములు కావనియు లోకము తలచెను. ఫారడే కూర్చున్న పీఠమునకు దగినవాడు ఫారడే విడిచిన పని పూర్తి చేయవలెనని డ్యూవరు నిశ్చయించుకొనెను.

ఆ పనికి పోటీదారులు లేకపోలేదు. 1877లోనే ఫ్రాన్సులో కాయెతే, స్విట్జర్లండులో పిక్టే యను వారు ప్రాణవాయువును క్షణకాలము తుంపరగా జేసి చూపిరి. 1883లో పోలండు దేశీయులు వ్రుబ్లెవ్‌స్కీ, ఓల్‌షెవ్‌స్కీ యనువారు దానిని గాజుగొట్టమున నిలిచిన ద్రవముగా జూచిరి. డ్యూవరు వారి మార్గమునే పట్టి, యంత్రములను పెద్దవిగా నిర్మించి, బొట్టుబొట్టుగా వచ్చుదానిని గ్లాసుల కొలది వచ్చునట్లు చేసెను. ఇది ప్రమాదముతో గూడిన పని. 1886లో జరిగిన ప్రేలుడులో ఆయన తీవ్రముగా గాయపడెను. ఆయన సహాయకులు లెన్నాక్స్, హీత్ అను నిరువురు వేర్వేరు ప్రమాదములలో ఒక్కొక్క కన్ను గోల్పోయిరి. గ్రంథములలో డ్యూవరు పేరు పెద్ద యక్షరములతో నుండును; ఈ యిరువురి పేర్లను వెదకి చదువవలసియుండును. వారు లేనిదే ఆ యంత్రములు నడచియుండెడివి కావు.

ద్రవప్రాణవాయువు చేతికి జిక్కినది. దానిని నిలుపుట యెట్లు? అది సున్నకు దిగువ 183 డిగ్రీల చలియందు మరుగును. మన యెసరు 100 డిగ్రీల వద్ద మరుగునట్లు, అది ఆ మహాశీతమునందే తెర్లుచుండును. మనకు చలివేయు లండను గది దానికి సున్నపుబట్టీ వంటిది. పాత్రలో పోయగానే బుసబుస పొంగి మాయమగును. పైగా గాలిలోని తేమ పాత్ర వెలుపల మంచుపొరగా పేరుకొని లోపలి ద్రవము కంటికి కానరాకుండ జేయును. వారముల తరబడి శ్రమించి చేసినది గడియలోపల పోవుచుండగా దాని గుణములను పరీక్షించుట యెట్లు?

వేడిమి ఒకచోటినుండి మరియొక చోటికి ప్రాకుటకు మూడు త్రోవలు కలవు. పొయ్యిలో బెట్టిన ఇనుప గరిటె కొన నిప్పులో నుండగా పిడి చేతిని కాల్చుట మొదటి త్రోవ, ఇది వహనము. ఎసటిలో అడుగు నీరు వేడెక్కి పైకి లేచి, పైనీరు క్రిందికి దిగి, కలియబెట్టకుండనే అంతయు కాగుట రెండవ త్రోవ. గాలియు నిట్లే వేడిని మోసికొని తిరుగును. దీనిని సంవహన మందురు. పిడుగురాళ్ల సున్నపుబట్టీకి బారెడు దూరమున నిలిచినవానికి, గాలి తన వీపు వైపునుండి బట్టీ వైపునకు వీచుచున్నను, ముఖము చురుక్కుమనును. ఆ వేడి గాలిమీద వచ్చినది కాదు. వెలుగువలె సూటిగా దూకివచ్చినది. ఇది వికిరణము, మూడవ త్రోవ. సూర్యుని వేడి భూమికి వచ్చుట యీ త్రోవనే.

1892లో డ్యూవరునకు పాత ఇత్తడి పాత్ర జ్ఞప్తికి వచ్చెను. ఒక గాజుపాత్రలో మరియొక గాజుపాత్రను నిలిపి, రెంటిని మూతియొద్ద మాత్రమే కరగించి అతికి, నడుమనున్న గాలిని తోడివేయించెను. శూన్యమున మోయుటకు గాలి లేదు గనుక సంవహనము లేదు; తాకుటకు వస్తువు లేదు గనుక వహనము లేదు. మూతియొద్ద గాజు కలిసిన సన్నని అంచొక్కటియే వంతెన. నేటికిని ఫ్లాస్కునకు బలహీనస్థానము మూతియే. బిరడా సరిగా లేనిచో వేడి అటనుండియే పోవును. ఇట్టి పాత్రలో ద్రవము ఆవిరియగుట సుమారు ఐదవ వంతునకు తగ్గెను. పాత్ర పైన మంచు పేరుకొనలేదు. లేత నీలిరంగున ద్రవప్రాణవాయువు నిర్మలముగా, తటాకపు నీటివలె కదలక నిలిచెను.

ఇక మూడవ త్రోవ మిగిలెను. వికిరణము శూన్యమును సైతము దాటును. కాని వెలుగువలె నది యద్దమును దాటలేదు, తగిలి మరలును. అందుచే నడిమి గోడలకు అద్దమువలె పూత పూయవలసి వచ్చెను. ఇందు డ్యూవరు చేసిన యుపాయము మెచ్చదగినది. నడిమి స్థలములో పాదరసమును పోసి మరగించి, దాని యావిరిచే గాలిని వెడలగొట్టి మూసివేసెను. లోపల ద్రవవాయువును పోయగానే మిగిలిన పాదరసపు టావిరి చలికి గడ్డకట్టి గోడకు మెరుగుపూతగా నంటుకొనెను. ఒక్క పనితో శూన్యము మరింత శుద్ధమయ్యెను, అద్దమును సిద్ధమయ్యెను. తరువాత వెండిపూత వాడుకలోనికి వచ్చెను. శూన్యమును పూతయు గలసి లోనికి జొరబడు వేడిని సుమారు ముప్పదవ వంతునకు దించెను. గంటసేపు నిలువని ద్రవము దినమంతయు నిలువసాగెను. 1893 జనవరిలో రాయల్ ఇన్‌స్టిట్యూషనులో జరిగిన శుక్రవారపు ఉపన్యాసమున ఆయన యీ పాత్రలతో ద్రవవాయువును సభికులకు జూపెను. చేతితో బట్టుకొనగల పాత్రలో, గాలియే నీరై మెదలుట అప్పటికి కనివిని యెరుగని వింత.

ఈ పాత్ర చేతనుండుటచేతనే డ్యూవరు పైమెట్టు నెక్కగలిగెను. 1898 మే 10వ తేదీన హైడ్రోజనును ద్రవముగా మార్చెను. లభించినది 20 ఘనసెంటీమీటర్లు. అనగా నాలుగు చిన్న చెంచాల పాటి. అది సున్నకు దిగువ 253 డిగ్రీల వద్ద మరుగు ద్రవము; దానిలో ముంచిన గొట్టమున గాలి రాయివలె గడ్డకట్టును. మరుసటి యేట హైడ్రోజనునే గడ్డకట్టించెను. ప్రకృతిలో ఇంతకు దిగువ చలి లేదని చెప్పబడు హద్దు సున్నకు దిగువ 273 డిగ్రీలు. దానికి పదునాలుగు డిగ్రీల యెడమున ఆయన నిలిచెను. జయించవలసిన వాయువు ఇక నొక్కటియే, హీలియము.

అచ్చటనే ఆయన ఓడెను. ఓటమికి గల కారణములలో నొకటి శాస్త్రమునకు సంబంధించినది కాదు. భూమిపై హీలియమును 1895లో కనుగొని, దానిని సేకరించుటలో ఆరితేరినవాడు విలియం రామ్సే. ఆయన ప్రయోగశాలయు లండనులోనే యుండెను. డ్యూవరునకు ముక్కుమీద కోపము. ఇతరులు తన కీర్తిలో వాటా యడుగుదురను ననుమానము హెచ్చు. హైడ్రోజను విషయమున పోలండు శాస్త్రవేత్తయే మొదటివాడని రామ్సే సభలో పలుకుటయు, అది నిజము కాదని తరువాత తేలుటయు వైరమునకు ఆజ్యము పోసెను. ఇంజనీరు హాంప్సనుతోను యంత్రపు టూహ యెవరిదను తగవు చెలరేగెను. ఒకరివద్ద హీలియమును, మరియొకరివద్ద ద్రవహైడ్రోజనును ఉండగా, ఒకే నగరములోని యీ యిరువురు పెద్దలు చేయి కలుపలేదు. డ్యూవరు బాత్ పట్టణపు ఊటలనుండి సేకరించిన హీలియములో నియాన్ అను వాయువు కలిసియుండి, చలికి గడ్డకట్టి, గొట్టములను మూసివేయుచుండెను.

ఇంతలో హాలండులోని లైడెన్ నగరమున కామర్లింగ్ ఓన్నెస్ అను ఆచార్యుడు పెద్ద కర్మశాలను నెలకొల్పి, గాజుపనివారికిని యంత్రపుపనివారికిని శిక్షణ నిచ్చి, మోనజైటు ఇసుకనుండి హీలియమును సమకూర్చుకొనెను. మన యాంధ్రతీరమునందును లభించు ఖనిజమే అది. 1908 జూలై 10వ తేదీన ఓన్నెస్ హీలియమును ద్రవముగా జేసెను. దానిని నిలిపిన పాత్ర డ్యూవరు పాత్ర. దానికి ముందు చలి నిచ్చినది డ్యూవరు సాధించిన ద్రవహైడ్రోజను. 1913లో నోబెల్ బహుమానము ఓన్నెస్‌ను వరించెను. డ్యూవరు పేరు ఆ బహుమానమునకు పలుమారులు సూచింపబడినను ఆయనకు అది లభింపలేదు.

న్యాయస్థానముల విషయమునను ఆయన జీవితమున ఒక వింత కలదు. 1889లో ఆయనయు ఫ్రెడరిక్ ఏబెల్ అను మరియొక శాస్త్రజ్ఞుడును బ్రిటిషు ప్రభుత్వము కొరకు కార్డైట్ అను పొగలేని తుపాకిమందును కనుగొని హక్కుపత్రము పొందిరి. అది తన పూర్వపు మందుకు అనుకరణమేనని ఆల్ఫ్రెడ్ నోబెల్ సంస్థ వ్యాజ్యము వేసెను. నోబెల్ తన హక్కుపత్రమున వాడవలసిన పదార్థము ఫలాని రకమని విశేషణము జేర్చి వ్రాయించుటచే, ఆ రకము కానిది వాడినవారిపై హక్కు చెల్లదని 1895లో ప్రభువుల సభ తుది తీర్పు నిచ్చెను. దస్తావేజులోని యొక్క మాట ఎంతటి ఆస్తినైన తారుమారు చేయునని భూముల వ్యవహారము దెలిసినవారికి వేరుగా చెప్పవలెనా?

అట్టి వ్యాజ్యమును కన్నులార జూచినవాడు తన ఫ్లాస్కునకు హక్కుపత్రము తీసికొనలేదు. దానిని శాస్త్రపరిశోధన కుపకరణముగా నెంచెనే కాని అంగడి సరుకుగా నెంచలేదు. జర్మనీ దేశమున రైన్‌హోల్డ్ బుర్గర్ అను గాజుపనివాడు, ద్రవవాయువును నిలుపు పాత్ర వేడి పానీయమును నిలుపదా యని యోచించెను. లోపలి గాజు కదలకుండ ఆనుడు లమర్చి, పైన లోహపు తొడుగు వేసి, 1903లో హక్కుపత్రము బొందెను. 1904లో థర్మాస్ అను పేర సంస్థ వెలసెను. గ్రీకుభాషలో వేడిమి నర్థించు మాటనుండి పుట్టిన పేరది. ఫ్లాస్కులు అంగళ్లకెక్కి ఇండ్ల జేరిన పిదప డ్యూవరు తన హక్కునకై న్యాయస్థానము నాశ్రయించెను. కల్పన ఆయనదేయని అంగీకరింపబడెను. పత్రము లేనందున హక్కు మాత్రము దక్కలేదు. మొదటిసారి ఎదుటివాని పత్రములోని లోపమువలన గెలిచినవాడు రెండవసారి తన పత్రమే లేక యోడెను. పాత్ర తనకు చాలుననుకొన్న కాలమున పత్రము తీసికొనక, ఇతరులు లాభించిన పిమ్మట వ్యాజ్యమాడుట ఆయనకు శోభించినదని చెప్పజాలము. అయినను ఆ పాత్రను అడ్డులేక వాడుకొనుటవలననే లైడెన్ మున్నగు ప్రయోగశాలలలో శీతలశాస్త్రము త్వరితముగ బెరిగినదనుట నిజము.

ఓటములతో ఆయన చేయి ముడుచుకొని కూర్చుండలేదు. 1904లో సర్ బిరుదము లభించెను. కొబ్బరిచిప్పల బొగ్గును మిక్కిలి చల్లార్చినచో అది గాలిని అపారముగా పీల్చుకొనునని ఆయన చూపెను. ఆ బొగ్గును కొంచెము గోడల నడుమ నుంచినచో మిగిలిన గాలి దానిలో నణగి శూన్యము మరింత శుద్ధమగును. ఈ మార్గమువలన గాజునకు మారుగా లోహముతోను పాత్రలు చేయుట సాధ్యమయ్యెను. గాజు పాత్ర పగులు వస్తువు. లోహపు పాత్రను బండిమీద వేసికొని ఊరూర త్రిప్పవచ్చును.

మన పశువైద్యశాలలలో కృత్రిమ గర్భధారణకై యుంచు పెద్ద అల్యూమినియపు క్యాను ఇదే వంశములోనిది. రెండు గోడలు, నడుమ శూన్యము, లోపల సున్నకు దిగువ 196 డిగ్రీల ద్రవనత్రజని. మేలుజాతి ఆబోతుల వీర్యము సన్నని గొట్టములలో గడ్డకట్టి అందు ఏండ్ల తరబడి చెడక నిలుచును. కాఫీ ఫ్లాస్కువలె దీని మూతను బిగింపరాదు; ఆవిరియగు నత్రజనికి దారి లేనిచో పాత్ర ప్రేలును. వాడినను వాడకున్నను నత్రజని కొంచెము కొంచెముగా తరుగుచునే యుండును గనుక గడువు దప్పక నింపుచుండవలెను. ఒకప్పుడు పశువైద్య కళాశాలలో పాఠములు చెప్పిన డ్యూవరు పాత్ర పశువుల కొట్టమునకే చేరినది. 2021లో కరోనా మహమ్మారి విజృంభించినపుడు పెద్ద ఆసుపత్రుల ప్రాంగణములలో నిలిచిన ద్రవప్రాణవాయువు తొట్లును జంటగోడల తొట్లే. శ్రీహరికోటనుండి 2014 జనవరి 5వ తేదీన స్వదేశపు క్రయోజనిక్ యంత్రముతో విజయవంతముగ లేచిన జీఎస్ఎల్వీ రాకెట్టు పైయంచెలో మండినవి ద్రవహైడ్రోజను, ద్రవప్రాణవాయువులే. నాలుగు చెంచాలుగా లండనులో మొదట కానవచ్చిన ద్రవమది.

1914లో ప్రపంచయుద్ధము వచ్చి సహాయకులును ధనమును కరవైనపుడు డ్యూవరు ఖర్చు లేని పని చేపట్టెను. సబ్బుబుడగలను ఊది, అవి పగులకుండ నెలల తరబడి నిలుపుట యెట్లో పరీక్షించెను. క్షణములో పోవుదానిని పట్టి నిలుపవలెనను పట్టుదల వార్ధకమునను సడలలేదు. కోపిష్ఠియను పేరును సడలలేదు. ఆయన వెనుక శిష్యపరంపర నిలువలేదు. తన చేతులతోను, ఒకరిద్దరు సహాయకులతోను పనిచేయుటయే ఆయనకు దెలిసిన పద్ధతి. ఇంట మాత్రము అతిథుల నాదరించువాడు, సంగీతప్రియుడు.

ఆయన 1923 మార్చి 27వ తేదీన, తన 80వ యేట, రాయల్ ఇన్‌స్టిట్యూషనులోని నివాసముననే కన్నుమూసెను. వాడిన తొలి గాజుపాత్రలలో కొన్ని ఆ సంస్థ ప్రదర్శనశాలయందు భద్రపరుపబడియున్నవి.